దేవుని కుండలో బలపం గీత

పిల్లల కోసం నేను రాసిన పుస్తకంలో ఏడో అధ్యాయం అబద్ధం. మిగతా అధ్యాయాల్లోనూ అబద్ధాలున్నాయి గాని, అవి ఎవరికీ చెరుపు చేసేవి కావు. మా కోడిపుంజు నాయన చెప్పు ఎత్తుకుపోయిందని రాశాను. నిజానికి ఎత్తుకుపోయింది వీధికుక్క. అమ్మ సంగటి కెలుకుతూ తెడ్డు విరగ్గొట్టిందని రాశాను. ఆ తెడ్డు అంతకుముందే విరిగి ఉంది. ఏడో అధ్యాయం అట్లాంటిది కాదు. దాని మూలంగా రాచర్ల పక్కన ఒక పల్లెలో మా మేనత్త చేతిలోని గంపను ఊరు లాగేసుకుంది. ఆ గంప సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి కుండ సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో మేము మార్కాపురం అవతల, పలకల గనుల పక్కన ఉండేవాళ్ళం. నాయన గనిలో రాయిని పలకలుగా చీల్చేవాడు. మా పేటంతా మిషన్ గుడికి పోయే కుటుంబాలే. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఇంటామె ఆ పూటకు తీసిన గింజల్లోంచి ఒక పిడికెడు వేరే కుండలో వేయాలి. జొన్నలు వండితే జొన్నలు, కొర్రలు వండితే కొర్రలు. అది దేవుని కుండ. అది నిండినాక గుడికి మోసుకుపోయి పోసి రావాలి. పనిచేయలేని ముసలివాళ్ళు, బడిపంతులు ఆ గింజల మీదే బతికేవాళ్ళు. ఇంట్లో మనుషులు పస్తున్న రోజున కూడా ఆ కుండలో చెయ్యి పెట్టడం ఎవరూ ఎరుగరు.

మా నాయన అనుమానపు మనిషి. పక్కింటివాళ్ళు వాళ్ళ బర్రె పాలు వాళ్ళే తాగుతుంటే, అందులో నీళ్ళు కలుపుకుంటున్నారని అనుమానించేవాడు. నేను తుమ్మితే, "బడి ఎగ్గొట్టేదానికి తుమ్ముతున్నావు" అనేవాడు. అమ్మకు నాయన మీద అనుమానం, గనిలో పొగాకు అందరికీ పంచుతాడని. నాయన అక్క, అంటే మా మేనత్త, పెనిమిటి పోయి మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు అమ్మ మీద అనుమానం, తన గిన్నెలోనే కావాలని ఎక్కువ కారం వేస్తుందని. నాకూ మా చెల్లెలికీ మధ్య ఉన్న అనుమానాలు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. ఇట్లాంటి ఇంట్లో పెరిగినవాడు పిల్లల కోసం నవ్వించే కథలు రాయక ఏం రాస్తాడు?

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. జొన్నలు అయిపోయి కొర్రల్లోకి దిగాం. అందువల్ల దేవుని కుండలో అడుగున జొన్నలు, వాటిమీద కొర్రలు పడుతున్నాయి. ఒక ఆదివారం గుడి బయట సంఘపెద్ద నాయనతో, "మీ కుండ ఇంకా నిండలేదా?" అని అడిగాడు. ఊరికే అడిగాడు. నాయనకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికి రాగానే కుండ మూత తీసి, గింజలను అరచేత్తో చదును చేసి, అవి ఎంతవరకు ఉన్నాయో అక్కడ కుండ లోపలివైపు బలపంతో గీత గీశాడు. మా ఇంట్లో బలపాలకు కొదవ లేదు. నల్లటి పాతకుండలో ఆ తెల్లగీత ఎంత బాగా కనిపించిందో నాకిప్పటికీ గుర్తు.

"ఏంది నాయనా అది?" అన్నాను.

"ఎవరితోనూ అనొద్దు. చూస్తాండు," అన్నాడు.

చూస్తూనే ఉన్నాను. శనివారం అమ్మ ఇల్లు అలికింది. కుండలూ దుత్తలూ అన్నీ గడప బయటికి లాగింది, నేల ఆరినాక లోపలికి లాగింది. దేవుని కుండ మళ్ళీ దాని మూలకే చేరింది. ఆ మూల పక్కనే మా అత్త చాప పరుచుకునేది.

మరునాడు నాయన మూత తీశాడు. వారమంతా పూటకో పిడికెడు వేశారు కదా, గింజలు గీతను దాటి పైకి రావాలి. అట్లా కాదు, గీత కంటే కిందికి దిగాయి. తెల్లగీత పైన ఒంటరిగా నిలబడి ఉంది.

నాయన అందరినీ కూర్చోబెట్టాడు. గుడికి కట్టుకోబోయిన బట్టలు చేతుల్లోనే ఉన్నాయి.

"దేవుని గింజలు ఎవరో తిన్నారు," అన్నాడు.

"ఎలకలేమో," అంది అమ్మ.

"మూత తీసి, తిని, మళ్ళీ మూత పెట్టే ఎలక ఏదే? ఈ ఇంట్లో మూత ఎత్తే చేతులు, నావి పోతే, పెద్దవాళ్ళవి రెండు జతలు."

"అంటే నేను తిన్నాననా? నా చేత్తో నేను వేసి, నా చేత్తోనే నేను తీస్తానా? నువ్వే తీసుకపోయి గనిలో పొగాకుకు మార్చుకున్నావేమో!"

"నేనా? గీత గీసింది నేను!"

"గీత గీసినోడే దొంగైతే?" అంది అమ్మ. మా చెల్లెలు చప్పట్లు కొట్టింది.

నాయన గూట్లో ఉన్న బైబిలు తెచ్చి పీట మీద పెట్టాడు. ఒక్కొక్కరు దానిమీద చెయ్యి పెట్టి, నేను తీయలేదని చెప్పాలి. అమ్మ చెప్పింది. మేమిద్దరం చెప్పాం. అత్త వంతు వచ్చింది. అత్త బైబిలు మీద చెయ్యి పెట్టి, నాయన ముఖంలోకి చూసి, ఫక్కున నవ్వింది. నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి, "నాకేం తెలుసురా తమ్ముడా," అని మాత్రం అంది.

బైబిలు మీద చెయ్యి పెట్టి నవ్వే మనిషిని ఏమనుకోవాలి? మేము ఏమనుకున్నామో అదే అనుకున్నాం. ఎవరూ పైకి అనలేదు. నాయన కుండను మూలనుంచి తీసి తన మంచం కింద పెట్టుకున్నాడు. అమ్మ అత్తకు గింజల చేట అందించడం మానేసింది. ఆ వేసవిలోనే అత్త, "మా ఆయన ఊరు నన్ను పిలుస్తాంది," అని మూట కట్టుకొని రాచర్ల వైపు పోయింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

నేను పెద్దవాణ్ణయి, మార్కాపురంలో బడిపంతులునై, మద్రాసులో ఒక పిల్లల మాసపత్రికకు మా ఇంటి కథలు రాయడం మొదలుపెట్టాను. పిల్లలు నవ్వుతున్నారని, ఇంకా కావాలని అడుగుతున్నారని పత్రికవాళ్ళు చెప్పారు. కథలన్నీ కలిపి పుస్తకం చేశారు. ఏడో అధ్యాయంలో దేవుని కుండ, బలపం గీత, బైబిలు, అత్త నవ్వు అన్నీ ఉన్నాయి. అయితే అత్త నవ్విందన్నంత మాత్రాన కథకు ముగింపు రాదు. అందుకని ఒకటి కల్పించాను. అందరూ పనికి పోయినాక అత్త కుండ మూత తీసి, కొర్రలు వేయించుకొని, ఒక బుగ్గలో బెల్లంముక్క పెట్టుకొని, తలుపు సందులోంచి వీధి చూస్తూ నములుతుంటుంది, కుర్రవాడు చూసేస్తాడు. అట్లాంటిది నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. పిల్లలు అన్నిటికంటే ఎక్కువ నవ్విందీ దానికే. అత్త పేరు పెట్టలేదు గదా, ఏం తప్పు అనుకున్నాను. ఆమె గడ్డం మీది పుట్టుమచ్చ రాశాను. "నాకేం తెలుసురా" అనే ఆమె మాట రాశాను. రాచర్ల వైపు పోయిందని కూడా రాశాను. ఇక పేరెందుకు?

పుస్తకం వచ్చినాక మా ఇంట్లో వాళ్ళు నా ముందర మాట్లాడటం మానేశారు. నేను గడపలో అడుగు పెడితే మా చెల్లెలు, "వచ్చినాడు, నోరు మూసుకోండి," అనేది. దాన్ని కూడా నవ్వుకుంటూ రాసుకున్నాను.

కంభంలో సంఘాల కూటం జరిగినప్పుడు అత్త ఉండే పల్లె పంతులు నన్ను పట్టుకొని చేతులు కలిపాడు.

"మీ పుస్తకం మా ఆదివారం బడిలో చదివి వినిపించినానండీ. పిల్లలు దొర్లి దొర్లి నవ్వినారు. మా ఊరి అవ్వే గదా అని కనుక్కున్నారు కూడా."

"ఆమె ఎట్ల ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది. శనివారం శనివారం గంప నెత్తిన పెట్టుకొని ఇంటింటికీ పోయి పిడికెడు గింజలు వసూలు చేసేది ఆమే గదా. ఇప్పుడు లేదులెండి. గంప తీసేసినాం. ఆమె వస్తాంటే పిల్లలు 'బుగ్గలో బెల్లం, ఒళ్ళో కొర్రలు' అని వెంటపడతాన్నారు. ఆడవాళ్ళు గూడ ఆమె గంపలో వేసేదానికి చెయ్యి రావడం లేదన్నారు. ఎవరి ఇంటివాళ్ళు సంఘపెద్ద ఇంట్లోనే పోసి వస్తాన్నారు."

ఆయన మెచ్చుకోలుగానే చెప్పాడు. పోయి ఒకసారి ఆమెను చూడాలనిపించింది, అబద్ధమాడను. అయినా రాచర్ల పోలేదు. ఎందుకంటే, బెల్లం కల్పించినా, గింజలు తీసింది మాత్రం ఆమే అని నేను నమ్ముతూనే ఉన్నాను. దొంగను దొంగన్నాను గదా అని సర్దిచెప్పుకున్నాను.

నా కళ్ళు తెరిపించింది నా కూతురు. ఆ పిల్లకు ఆ పుస్తకం కంఠతా వచ్చు. చదివినాక ఇంట్లో అన్నిటికీ గీతలు గీయడం మొదలుపెట్టింది. నూనె సీసాకు గీత, ఉప్పు జాడీకి గీత, తాతకు కట్టిన పొగాకు కట్టకు కూడా గీత. పూట పూటకీ తనిఖీ. మా ఆవిడ ఒకరోజు, "మీ పుస్తకం పుణ్యమా అని నా ఇంట్లో నేను దొంగనైతిని," అని గరిటె విసిరేసింది.

ఆ దసరా సెలవులకు మా అత్తగారి ఊరు గిద్దలూరు బయలుదేరాం. మా ఆవిడ వాళ్ళమ్మకని ఒక బిస్కత్తు డబ్బాలో సగం దాకా బఠాణీలు పోసి, మిగతా సగంలో నువ్వులు పోసింది. రెండు మూటలెందుకు, అక్కడ జల్లెడ పడితే విడిపోతాయి గదా అని. నా కూతురు వెంటనే మేకు తెచ్చి డబ్బా లోపల నువ్వుల మట్టానికి గీత గీకింది. మూత పెట్టి, దారం చుట్టి, ముడి మీద లక్క అంటించింది. "అమ్మ దారిలో తినకుండా," అంది. మార్కాపురం రోడ్డు స్టేషను దాకా జట్కాలో ఆ డబ్బా దాని ఒళ్ళోనే ఉంది. రైల్లోనూ దాని ఒళ్ళోనే. ఒకచోట నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. "నిన్ను అసలు నమ్మను నాయనా," అంది.

గిద్దలూరులో అమ్మమ్మ ముందు ముడి విప్పింది. లక్క లక్కలాగే ఉంది. మూత తీసింది. నువ్వులు గీత కంటే రెండు వేళ్ళు దిగి ఉన్నాయి.

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. తన ఒళ్ళో చూసుకుంది.

"రైలు తినిందా?" అంది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాను. బఠాణీల సందుల్లోకి నువ్వులు దిగిపోయి ఉన్నాయి. రైలు కుదుపుకు చిన్నగింజ పెద్దగింజల మధ్యకు జారింది, అంతే. ఎవరూ తినలేదు. ఎవరూ ముట్టలేదు. అడుగున జొన్నలు, పైన కొర్రలు. అమ్మ అలికేటప్పుడు గడప దాటించి, మళ్ళీ గడప దాటించిన కుండ. జొన్నగింజ ముందు కొర్రగింజ నువ్వంత సన్నం.

మరునాడు పొద్దున్నే రాచర్ల వైపు పోయే ఎద్దులబండి ఎక్కాను. పల్లెలో అత్త గుడిసె ముందు మేకపిల్లకు తుమ్మకాయలు వేస్తూ ఉంది. నడుము వంగింది, పుట్టుమచ్చ అట్లాగే ఉంది. నన్ను గుర్తుపట్టి లేవలేదు.

"ఏమి అల్లుడా, ఇంకా రాయాల్సింది మిగిలిందా?"

"కాదత్తా, నీతో ఒక మాట చెప్పాలి."

"జేబులో పెన్సిలుందా?"

ఉంది. తీసి గోడ మీద పెట్టమంది. కాగితాలు? అవి కూడా పెట్టమంది. అవి పెట్టినాకే చాప వేసింది. ఆమె సొంత జొన్నలు, సొంత కొర్రలు అడిగి తీసుకొని, చెంబులో పోసి, గీత గీసి, ఊపి చూపించాను. ఆమె చెంబులోకి చూసింది, నా ముఖంలోకి చూసింది, చెంబు అడుగున చిల్లి ఉందేమోనని తిప్పి చూసింది.

"అయితే నేను తినలేదని ఇప్పుడు తెలిసిందన్నమాట," అంది. "నాకు అప్పుడే తెలుసు."

"మరి ఆరోజు బైబిలు మీద చెయ్యి పెట్టి నవ్వితివి గదత్తా?"

"మీ నాయన ఆ పొద్దు కుండలో గీతను వేలితో తడిమి తడిమి చూసి, ఆ చేత్తోనే మీసం దువ్వినాడు. ఒక పక్క మీసం తెల్లగ, ఒక పక్క నల్లగ. సగం ముసలోడు, సగం పడుసోడు నా ముందర కూసోని దేవుని మాట చెప్తాంటే నవ్వు రాదా? నీకు కనపడలేదా?"

నాకు కనపడలేదు. నేను ఆమెనే చూస్తూ ఉన్నాను. మేమంతా ఆమెనే చూస్తూ ఉన్నాం.

"ఆ మాట అప్పుడే చెప్తే పోయేది గదా!"

"చెప్పనిచ్చినారా? ఆ పూట నుంచి మీ అమ్మ నా చేతికి చేట ఇయ్యలేదు," అంది. "పోనీ, అది మా తమ్ముని ఇల్లు, పోయింది. ఇక్కడ ఈ గంప ఒక్కటే నాది. పిల్లాజెల్లా లేనిదాన్ని, శనివారం వస్తే ప్రతి వాకిట్లోనూ ఎవరో ఒకరు 'రా అవ్వా' అనేటోళ్ళు. దాన్ని తీయిస్తివి. ఇప్పించగలవా?"

ఇప్పిస్తానని మాటిచ్చాను. ఆ ఊరి సంఘపెద్ద దగ్గరికి పోయాను. ఆయన నిదానస్తుడు. అంతా విని, "మీరు ఆమె మేనల్లుడు. పైగా రాసేవాళ్ళు. అప్పుడు అట్ల రాసినారు, ఇప్పుడు ఇట్ల చెప్తాన్నారు. మేము ఏది పట్టుకునేది?" అన్నాడు. చెంబు ఊపి చూపించబోతే, "చెంబు మీరు తెచ్చిందే గదా," అన్నాడు. తప్పేముంది? నేనైనా అంతే అనేవాణ్ణి.

"అయితే మీ ఇంట్లో కుండకే గీత గీయండి," అన్నాను. "మీ చేత్తోనే. నేను ముట్టను."

ఆ మాటకు ఆయన ఒప్పుకున్నాడు. ఆయన ఇంట్లోనే గదా ఇప్పుడు ఊరందరి గింజలు పోస్తున్నది. అందులోనూ అడుగున జొన్నలు, పైన కొర్రలు పడి ఉన్నాయి. బలపంతో గీత గీసి మూత పెట్టాడు. నేను ఆదివారం దాకా అత్త దగ్గరే ఉండిపోయాను. అత్త నాకు సంగటి పెట్టింది గాని, లోపల ఎంతుందో నేను చూస్తానని పప్పుదుత్త మీద మూత తీయకుండానే వడ్డించినంత పని చేసింది.

శనివారం సంఘపెద్ద భార్య ఇల్లు అలికింది. ఆదివారం ఆ కుండను ఆమె నెత్తిన పెట్టుకొని గుడికి తెచ్చింది. ఆరాధన ముగిసినాక అందరి ముందూ మూత తీశారు. గింజలు గీత కంటే దిగి ఉన్నాయి.

సంఘపెద్ద కుండలోకి వంగి చూశాడు. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఏందయ్యా అట్ల చూస్తావు?" అంది ఆమె.

"ఏం లేదు, అడుగుతాన్నా..."

"అడుగుతావా? నన్నా? ఇంతమందిలోనా? ఆ గింజలు నేను బుక్కినానా?"

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సంఘపెద్ద భార్య అటు తిరిగింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. మా ఇంట్లో ఆరోజు అత్త ముఖంలో ఉండి ఉండాల్సిన చూపు అది. మేము అప్పుడు చూడలేదు.

నేను లేచి, చెప్పాల్సిందంతా చెప్పాను. రైలు సంగతి, డబ్బా సంగతి, బెల్లం నేను కల్పించిన సంగతి. అంతా అయినాక ముందు వరుసలో కూర్చున్న ఒక పిల్ల చెయ్యెత్తింది.

"పుస్తకంలో రాసింది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మేది?"

దానికి జవాబు సంఘపెద్ద భార్య చూపించింది. వచ్చి కుండ పట్టుకొని, పిల్లలందరినీ చుట్టూ పిలిచి, చదును చేసి, కొర్రలు ఇంకో పిడికెడు పైన పోసి, కుదిపింది. కొర్రలు వాళ్ళ కళ్ళ ముందే మాయమైనాయి. "మళ్ళీ, మళ్ళీ" అని పిల్లలు గోల చేశారు. ఆమె కుదుపుతూనే ఉంది, మొగుడి వైపు చూస్తూ.

ఆ సాయంత్రం ఆమే గంప మోసుకొచ్చి అత్త గడపలో పెట్టింది. "తీసుకో పెద్దమ్మా. నాకొద్దు ఈ గింజల కాపలా," అంది. అత్త గంప అంచులు తడిమి, ఒకచోట ఈనె ఊడిందని చూపించి, "ఎవరు తెంపినారో ఇది," అంది.

నేను గిద్దలూరు పోయి, తర్వాతి శనివారం మళ్ళీ వచ్చాను, చూడాలని. పుస్తకం రెండోసారి అచ్చేస్తే ఏడో అధ్యాయం తీసేయమని మద్రాసుకు రాశానని అత్తతో చెప్పాను. పిల్లలకు అదే ఎక్కువ ఇష్టమని వాళ్ళు జవాబిస్తారని నాకు తెలుసు. అది కూడా చెప్పాను. అత్త గంప నెత్తిన పెట్టుకుంది. "నువ్వు వెనకాల రావద్దు. దూరంగా ఉండు," అంది. దూరంగానే ఉన్నాను.

నాలుగు వాకిళ్ళు దాటి, అయిదో వాకిట్లో ఒక చిన్నావిడ పిడికిలితో బయటికి వచ్చింది. నవ్వుతూ, "రా అవ్వా," అంది. గింజలు వేసింది. వేసినాక ఆమె కన్ను ఒక్క క్షణం గంపలోకి పోయింది, ఎంతవరకు ఉన్నాయో చూసుకోవడానికి. అంతా తెలిసినా పోయింది. నేను చూశాను, అత్త కూడా చూసింది.

అత్త గంపను నెత్తి మీదినుంచి దించి, రెండు చేతులతో పట్టుకొని, ఆమె ముందర గట్టిగా నాలుగుసార్లు కుదిపింది.

"చూసుకో తల్లీ, ఇంత దిగినాయి. ఇంటికి పోయేలోపల ఇంకా దిగుతాయి," అని, గంప ఎత్తుకొని పక్క వాకిలికి పోయింది. అక్కడ కూడా ముందు గంప దించి కుదిపింది. ఆ తర్వాతే చెయ్యి చాపింది. వీధి చివరిదాకా ప్రతి వాకిట్లోనూ అట్లాగే చేసింది.